ఓటీ (ఆపరేషన్ థియేటర్) నర్సుల పనిభారం కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఏ ఆసుపత్రి నర్సింగ్ ఆఫీసులో ఈ మాట ఎత్తినా అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఎమ్మెస్సీ నర్సింగ్ విద్యార్థులు థీసిస్ కోసం అడుగుతారు. ఓటీ ఇన్‌చార్జి సిస్టర్లు పోస్టుల కోసం అడుగుతారు. క్వాలిటీ సెల్ వాళ్లు ఇన్‌స్పెక్షన్ దగ్గర పడ్డాక అడుగుతారు. వచ్చిన ప్రశ్నలను వచ్చినట్టే ఇక్కడ పెట్టాం. వరసగా చదవనక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లండి.

## మొదలు పెట్టకముందు

కేసుల సంఖ్య రిజిస్టర్‌లో ఉంది కదా, మళ్లీ పని కొలవడం దేనికి?

ఓటీ రిజిస్టర్ చెప్పేది సర్జన్ చేసిన పని. ఇన్సిషన్ (కోత పెట్టడం) ఎప్పుడు, క్లోజర్ (కుట్లు వేసి మూయడం) ఎప్పుడు, ఎవరు చేశారు, అంతే. సిస్టర్ పని అంతకు చాలా ముందే మొదలవుతుంది. లిస్టు చూసి సెట్లు తెప్పించుకోవాలి, సెట్టు స్టెరిలైజ్ అయిందని చెప్పే ఇండికేటర్ టేపు రంగు మారిందో లేదో చూడాలి, సక్షన్, కాటరీ (రక్తం కారకుండా కాల్చే పరికరం) పనిచేస్తున్నాయో లేదో చూసుకోవాలి, ఇంప్లాంట్ ఎక్కడిదాకా వచ్చిందని కంపెనీ మనిషికి ఫోన్ చేయాలి, ట్రాలీ పరచాలి, మొదటి కౌంట్ (మాప్‌లు అనే గుడ్డలు, సూదులు, పనిముట్ల లెక్క) చేయాలి. పేషెంట్‌ను రికవరీకి (మత్తు దిగేదాకా ఉంచే గదికి) పంపాక కూడా పనిముట్లు లెక్కచూసి సీఎస్ఎస్‌డీకి (పనిముట్లు స్టెరిలైజ్ చేసే విభాగానికి) పంపడం, బయాప్సీ సీసాకు లేబుల్, ఫారం, బిల్లింగ్ షీటు, తర్వాతి కేసుకు గది సర్దడం ఉంటాయి. వీటికి రిజిస్టర్‌లో కాలమ్ లేదు. కాలమ్ లేని పనికి మనుషులను అడిగితే ఎవరూ ఇవ్వరు.

మా టేబుల్ మీద రోజుకు మూడే కేసులు, పక్క టేబుల్ మీద పన్నెండు. మాకు పని తక్కువన్నట్టేనా?

కాదు. మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రిలాంటి చోట శుక్లాల లిస్టునూ, పంజాగుట్ట నిమ్స్‌లాంటి చోట మెదడు ఆపరేషన్ లిస్టునూ పక్కపక్కన పెట్టి అంకెలు పోల్చితే ఏమీ తేలదు. మోకాలి కీలు మార్పిడిలో ట్రేలే బోలెడు, ఒక్కోటి ఎత్తాలంటే నడుము పడిపోతుంది. వెన్నెముక కేసులో సీ ఆర్మ్ (ఎక్స్‌రే యంత్రం) ఉన్నంతసేపూ లెడ్ ఏప్రాన్ మోయాలి.

అయితే చిన్న కేసుల లిస్టు తేలికని కూడా అనకండి. శుక్లాల లిస్టులో ప్రతి పేషెంట్‌కూ పేరు, ఏ కన్ను, ఏ పవర్ లెన్స్ అని మళ్లీ మొదటినుంచి చూడాలి. పన్నెండు కేసులంటే పన్నెండుసార్లు పొరపాటుకు తలుపు తెరిచి ఉంటుంది. ఒకచోట బరువు ఒంటి మీద పడుతుంది, ఇంకోచోట బుర్ర మీద. కొలిచేటప్పుడు ఈ రెండూ విడివిడిగా కనబడాలి.

ఇదంతా చివరికి స్టాఫ్‌ను తగ్గించడానికేనా?

ఈ భయం ఊరికే పుట్టలేదు. స్టాప్‌వాచ్ పట్టుకుని ఎవరైనా వస్తే కార్మికులు ఎక్కడైనా భయపడతారు. అందుకే మొదలు పెట్టకముందే మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి: ఫారాల మీద సిస్టర్ల పేర్లు ఉండవు, ఫలితాలు ముందు ఓటీ స్టాఫ్‌కే చూపిస్తారు, ఎవరి అప్రైజల్‌కూ ఈ అంకెలు వాడరు. ఈ మూడూ రాసివ్వడానికి మేనేజ్‌మెంట్ వెనకాడితే, నా సలహా అడిగితే, ఆ కొలత మొదలు పెట్టకండి. భయంతో నింపిన ఫారం ఎటూ పనికిరాదు.

వార్డులకు నిష్పత్తులు ఉన్నాయి కదా, ఓటీకి కూడా అవే సరిపోవా?

వార్డులో నిష్పత్తి అంటే ఇంతమంది పేషెంట్లకు ఒక నర్సు. భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురికి ఒకరు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు, ఆపైన సెలవుల కోసం 30 శాతం అదనం. ఓటీలో పేషెంట్ ఎప్పుడూ ఒక్కరే, నర్సులే ఒకరికంటే ఎక్కువ. అందుకే అక్కడ లెక్క మంచానికి కాదు, టేబుల్‌కి. అమెరికాలో ఓటీ నర్సుల సంఘం, ఆపరేషన్ టేబుల్ మీద ఉన్న ప్రతి పేషెంట్‌కూ ఆ ఒక్కరికే కేటాయించిన సర్క్యులేటింగ్ నర్సు (గదిలో తిరుగుతూ కావలసినవి తెచ్చిచ్చే నర్సు, మన దగ్గర ఫ్లోర్ సిస్టర్) ఉండాలంటుంది. మన దగ్గర ఒకే ఫ్లోర్ సిస్టర్ రెండు గదుల మధ్య తిరగడం కొత్త సంగతేం కాదు. నిష్పత్తి కనీసం ఎందరుండాలో చెబుతుంది, ఆ ఉన్నవాళ్ల మీద ఎంత పడుతోందో చెప్పదు.

స్క్రబ్, ఫ్లోర్, రికవరీ అందరికీ ఒకే ఫారం ఇవ్వొచ్చా?

ఫారం ఒకటే ఇవ్వొచ్చు, ఫలితాలు మాత్రం కలపకూడదు. స్క్రబ్ సిస్టర్ గంటల తరబడి ఒకే చోట నిలబడి, చూపు తిప్పకుండా, సర్జన్ చెయ్యి చాచకముందే పనిముట్టు అందించాలి. ఫ్లోర్ సిస్టర్ ఆ సమయమంతా నడుస్తూనే ఉంటుంది: సూచర్ తేవాలి, రక్తం కోసం బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేయాలి, మోగుతున్న సర్జన్ ఫోన్ ఎత్తి సమాధానం చెప్పాలి. రికవరీలో నిద్ర తేలని పేషెంట్, తలుపు దగ్గర బంధువులు. ఈ ముగ్గురి సగటు తీస్తే ఓటీలో ఎక్కడా లేని నాలుగో సిస్టర్ తయారవుతుంది.

## ఏ సాధనం తీసుకోవాలి

ఐసీయూలో వాడే ఎన్ఏఎస్ స్కోరు ఓటీలో వాడొచ్చా?

నర్సింగ్ యాక్టివిటీస్ స్కోరు 2003లో ఐసీయూల కోసం వచ్చింది. అందులో 23 అంశాలుంటాయి. 100 శాతం అంటే ఒక నర్సు 24 గంటల పని మొత్తం ఆ ఒక్క పేషెంట్‌కే సరిపోయిందని అర్థం. చిక్కంతా ఆ 24 గంటల దగ్గరే. ఓటీలో పేషెంట్ ఉండేది కొద్ది గంటలు. పైగా ట్రాలీ పరచడం, కౌంట్, స్టెరైల్ ఫీల్డ్ కాపాడటం లాంటివి అందులో లేవు. ఐసీయూ మంచం దొరక్క వెంటిలేటర్ పేషెంట్ రాత్రంతా రికవరీలోనే ఉండిపోతే మాత్రం అక్కడ ఈ స్కోరు వేయడం సబబే.

నాసా టీఎల్ఎక్స్ అంటే విమానాలవాళ్ల ఫారం కదా, మాకెలా సరిపోతుంది?

శాండ్రా హార్ట్, లోవెల్ స్టేవ్‌లాండ్ అనే ఇద్దరు నాసా పరిశోధన కేంద్రం తరఫున దీన్ని 1988లో ప్రచురించారు. కానీ అందులో విమానం మాటే లేదు. ఆరు గీతలుంటాయి: బుర్రకు పడ్డ శ్రమ, ఒంటికి పడ్డ శ్రమ, సమయం ఒత్తిడి, పని ఎంత బాగా జరిగింది, ఎంత ప్రయత్నం పెట్టాల్సి వచ్చింది, చిరాకు. ఒక్కో గీత మీద 0 నుంచి 100 దాకా గుర్తు పెట్టాలి. రెండు నిమిషాల పని, అందుకే ఓటీలో బతికి బట్టకట్టింది.

అసలు పద్ధతిలో ఈ ఆరింటినీ జతలుగా 15సార్లు పోల్చి ఏది ముఖ్యమో తేల్చాలి. కేసుకు కేసుకూ మధ్య అంత తీరిక ఎవరికీ ఉండదు. ఆ భాగం వదిలేసి ఆరింటి సగటు తీసుకునే పద్ధతి కూడా విస్తృతంగా వాడుకలో ఉంది. దానితో మొదలు పెట్టండి.

ఒక్క గీత దగ్గర జాగ్రత్త. ‘పని ఎంత బాగా జరిగింది’ అన్న గీతలో ఎడమ కొస బాగా జరిగినట్టు, కుడి కొస విఫలమైనట్టు. అంటే తక్కువ అంకె మంచిది. చాలామంది దీన్ని పరీక్ష మార్కుల్లా చదివి, బాగా చేశాం కదా అని కుడి చివర గుర్తు పెడతారు. స్కోరు పెరిగిపోతుంది. ముందే నోటితో చెప్పండి, ఫారం మీద కూడా పెద్ద అక్షరాల్లో రాయండి.

సర్జ్ టీఎల్ఎక్స్ ఇంకా మంచిదంటారు, నిజమేనా?

2011లో ఆపరేషన్ల కోసం మార్చిన రూపం ఇది. ప్రయత్నం, చిరాకు, పని తీరు గీతల స్థానంలో పని క్లిష్టత, అప్పటి పరిస్థితి పెట్టిన ఒత్తిడి, ధ్యాస చెదరగొట్టేవి అన్న మూడు వచ్చాయి. చివరిది మన ఓటీలకు అతికినట్టు సరిపోతుంది. తలుపులు తెరుచుకోవడం, ఫోన్లు, మానిటర్ అలారాలు, పాటలు, విద్యార్థుల గుంపు, అన్నీ అందులోకే వస్తాయి. అయితే దీన్ని సర్జన్లను దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. స్క్రబ్ సిస్టర్‌కు బాగానే కుదురుతుంది, రికవరీకి అంతగా కుదరదు.

ఫారం తెలుగులో ఇవ్వాలా? మా ఓటీలో మలయాళీ సిస్టర్లు కూడా ఉన్నారు.

అందరూ ఇంగ్లీషులోనే చదివారని ఇంగ్లీషు ఫారం ఇచ్చేయకండి. డ్యూటీ చివర అలసిపోయిన మనిషి తన చిరాకును తన భాషలోనే తూకం వేసుకుంటుంది. తెలుగు, మలయాళం, ఇంగ్లీషు మూడూ సిద్ధం చేసి ఏది కావాలంటే అది తీసుకోమనండి. అనువాదం ఒకరు చేయాలి, అసలు ఫారం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి, రెండూ పోల్చాలి. ఆ తర్వాత నలుగురైదుగురు సిస్టర్లకు ఇచ్చి ప్రతి ప్రశ్నకూ ఏం అర్థమైందో చెప్పించుకోవాలి. థీసిస్ అయితే ఈ దశ వదిలేస్తే వైవాలో మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది.

అడుగులు లెక్కపెట్టే బ్యాండ్ ఇచ్చేస్తే సరిపోదా?

స్క్రబ్ అయినవాళ్ల చేతికి బ్యాండ్ ఉండకూడదు, కాబట్టి సగం మాట అక్కడే అయిపోయింది. నడుముకు పెట్టే పరికరం ఇచ్చినా అది ఫ్లోర్ సిస్టర్ గురించే నిజం చెబుతుంది. నాలుగు గంటలు కదలకుండా రిట్రాక్టర్ (కోతను తెరిచి ఉంచే పనిముట్టు) పట్టుకున్న మనిషికి అది సున్నా వేస్తుంది. ఒంటి శ్రమ కోసమైతే భంగిమ చూసి మార్కులు వేసే రెబా పద్ధతి 2000 నుంచి ఉంది. మెడ, నడుము, కాళ్లు, చేతుల కోణాలను బట్టి లెక్క. పక్కనుంచి చూసి వేయొచ్చు, పని ఆపనక్కర్లేదు.

## కొలిచే రోజుల్లో

గడియారం ఎప్పుడు మొదలు పెట్టి ఎప్పుడు ఆపాలి?

ఇన్సిషన్‌తో మొదలుపెట్టి క్లోజర్‌తో ఆపితే మీరు సర్జన్ పనినే మళ్లీ కొలిచినట్టు. ఆ కేసు కోసం మొదటి వస్తువు చేతిలోకి తీసుకున్న క్షణంలో మొదలుపెట్టండి, ఆ కేసు తాలూకు చివరి కాగితం సంతకమై, వాడిన సెట్టు గది దాటినప్పుడు ఆపండి. మధ్యలో పేషెంట్ లోపలికి వచ్చిన సమయం, మత్తు మొదలైన సమయం, ఇన్సిషన్, క్లోజర్, పేషెంట్ బయటికి వెళ్లిన సమయం రాసుకోండి. మత్తు డాక్టర్ కోసమో, ఫిట్‌నెస్ కాగితం కోసమో, లిఫ్ట్ కోసమో ఎదురుచూసిన సమయం విడిగా రాయండి. ఎదురుచూపులో సిస్టర్ ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది కానీ పరిచిన ట్రాలీని వదిలి కదలలేదు. దాన్ని విశ్రాంతి కింద వేయడం అన్యాయం.

ఫారం ఎప్పుడు నింపించాలి?

పేషెంట్‌ను రికవరీకి అప్పజెప్పిన వెంటనే, తర్వాతి కేసు తలలోకి రాకముందే. డ్యూటీ చివర అన్నీ కలిపి నింపమంటే ఆఖరి కేసు చేదు అన్నిటికీ పూస్తుంది. కౌంట్ జరిగేటప్పుడు మాత్రం ఎవరూ ఏమీ అడగకూడదు, పరిశీలకులు పెన్ను కూడా కదపకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టు మూడో దశలో, పేషెంట్ గది దాటకముందే, మాప్‌లు, సూదులు, పనిముట్ల లెక్క సరిపోయిందని సిస్టర్ నోటితో చెప్పాలి. మీ కొలత వల్ల ఒక్క మాప్ లెక్క తప్పినా ఆ అధ్యయనానికి అర్థమే లేదు.

ఎవరో పక్కన నిలబడి రాస్తుంటే అందరూ చురుగ్గా చేస్తారు కదా, నిజం ఎలా తెలుస్తుంది?

చేస్తారు. మొదటి రెండు మూడు రోజుల కాగితాలు లెక్కలోకి తీసుకోకండి. ఆ తర్వాత పరిశీలకులు కూడా సెలైన్ స్టాండ్‌లా గదిలో కలిసిపోతారు. బయటివాళ్ల కంటే ఓటీ పని తెలిసిన, కానీ ఆ ఓటీలో డ్యూటీ లేని సిస్టర్ అయితే మేలు. పని తెలియని మనిషికి ట్రాలీ సర్దడం, ట్రాలీ చెడిపోయి మళ్లీ సర్దడం ఒకేలా కనిపిస్తాయి.

ఎన్ని పరిశీలనలు కావాలి?

విడతలుగా వెళ్లి ఆ క్షణంలో ఎవరు ఏం చేస్తున్నారో రాసే పద్ధతికి ఒక లెక్క ఉంది. ఏ పనికి ఎంత వాటా పోతోందో 95 శాతం నమ్మకంతో, అటూ ఇటూ 5 శాతం తేడాలో తెలియాలంటే, ఏమీ ముందుగా తెలియనప్పుడు 384 పరిశీలనలు కావాలి. ఇవి మనుషులు కారు, చూపులు. ఎనిమిది మంది సిస్టర్లను ఎనిమిది గంటల డ్యూటీలో గంటకు ఆరుసార్లు చూస్తే ఒక్క రోజులోనే 384 వచ్చేస్తాయి. ఆ ఆశకు లొంగకండి. ఒకే రోజు చూపులన్నీ ఒకే లిస్టు గురించి చెబుతాయి. వారాల మీదుగా పంచండి. సరిగ్గా పది నిమిషాలకొకసారి కాకుండా చీటీ తీసినట్టు యాదృచ్ఛిక సమయాల్లో వెళ్లండి.

ఏ రోజుల్లో కొలవాలి?

సోమవారం నుంచి ఆదివారం దాకా, మూడు షిఫ్టులూ పడాలి. దానితోపాటు పంచాంగం కూడా చూడండి, నవ్వొద్దు. అమావాస్యనాడు ముందే ఖరారు చేసుకునే ఆపరేషన్లు పల్చబడతాయి. మంచి ముహూర్తం ఉన్న ఉదయం సిజేరియన్లు వరస కడతాయి. సంక్రాంతికి సగం నగరం ఊళ్లకు వెళ్తుంది, ఉన్నవాళ్లలో కొందరు మాంజా కోతలతో వస్తారు. ఇలాంటి వారాలను తీసేయకండి, కానీ వాటినే సగటుకు ఆధారం చేయకండి.

ఫారం మీద పేషెంట్ పేరు, సర్జన్ పేరు రాయొచ్చా?

వద్దు. పేషెంట్‌కు ఒక వరస సంఖ్య, సర్జన్‌కు విభాగం పేరు చాలు. థీసిస్ అయినా ప్రచురణ అయినా సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోండి, సిస్టర్ల నుంచి రాతపూర్వక అంగీకారం తీసుకోండి. ఫొటోలు, వాట్సాప్ గ్రూపులో ఫారాలు పంచుకోవడం అసలు చేయకండి.

## లెక్కలు వేసేటప్పుడు

గంటలు తెలిశాయి. వాటి నుంచి ఎంతమంది కావాలో ఎలా తేల్చాలి?

పనిభారాన్ని బట్టి ఎంతమంది సిబ్బంది కావాలో తేల్చే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల విస్న్ పద్ధతి ఇందుకే ఉంది. ఒక ఊహా లెక్కతో చూపిస్తాను, ఈ అంకెలు ఏ ఆసుపత్రివీ కావు.

ముందు ఒక సిస్టర్ ఏడాదికి నిజంగా ఎన్ని గంటలు దొరుకుతుంది? వారానికి ఆరు రోజుల చొప్పున 312 రోజులు. సెలవులు, పండగలు, శిక్షణ కలిపి 42 పోతే 270. రోజుకు 8 గంటలు, అంటే 2,160 గంటలు.

ఏడాదికి 2,000 పెద్ద కేసులు, ఒక్కోదానికి స్క్రబ్, ఫ్లోర్ కలిపి 6.5 నర్సు గంటలు అనుకుందాం: 13,000. చిన్న కేసులు 1,500, ఒక్కోదానికి 2 గంటలు: 3,000. మొత్తం 16,000. దీన్ని 2,160తో భాగిస్తే 7.41 మంది. ఇక్కడితో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. హ్యాండోవర్, ఇండెంట్, స్టాకు, మందుల తాళాలు, రికార్డుల లాంటి కేసుతో సంబంధం లేని పనికి ప్రతి సిస్టర్ సమయంలో 20 శాతం పోతోందని మీ పరిశీలనలో తేలితే, 7.41ను 0.8తో భాగించాలి: 9.26. ఇన్‌చార్జి సిస్టర్ పూర్తిగా పరిపాలన పనిలోనే ఉంటే ఇంకొకరు: 10.26. ఇప్పుడున్నది ఎనిమిది మందైతే, ఉన్నవాళ్లను కావలసినవాళ్లతో భాగించిన నిష్పత్తి 0.78. ఒకటికంటే ఎంత తక్కువైతే ఒత్తిడి అంత ఎక్కువ.

20 శాతం కలపడంలో ఒక పొరపాటు పదేపదే కనిపిస్తుంది. 7.41కు 20 శాతం కూడితే 8.9 వస్తుంది, అది తప్పు. 20 శాతం పోయేది వాళ్ల మొత్తం సమయంలో నుంచి, కాబట్టి భాగించాలి.

రాత్రి ఎమర్జెన్సీ టేబుల్ ఖాళీగా ఉన్న గంటలను ఎలా లెక్కపెట్టాలి?

ఇక్కడ కేసుల లెక్క పూర్తిగా మోసం చేస్తుంది. ఒక ఎమర్జెన్సీ టేబుల్ 24 గంటలూ సిద్ధంగా ఉండాలంటే ఇద్దరు సిస్టర్లు ఉండి తీరాలి, కేసు వచ్చినా రాకపోయినా. రోజుకు 48 నర్సు గంటలు, ఏడాదికి 17,520. ఒక సిస్టర్ ఏడాదికి 2,160 గంటలు దొరుకుతుందనుకుంటే ఆ ఒక్క టేబుల్‌కే ఎనిమిది మంది పైచిలుకు కావాలి. అగ్నిమాపక కేంద్రంలో మంటలు లేని రోజు జీతం కోయరు. గాంధీ, ఉస్మానియాలాంటి పెద్దాసుపత్రుల ఎమర్జెన్సీ అయినా, చిన్న ప్రైవేటు ప్రసూతి ఆసుపత్రి అయినా ఈ లెక్క ఒకటే. ఎమర్జెన్సీని వేరే పట్టికలో వేయండి, ఎలెక్టివ్ (ముందే ఖరారు చేసుకున్న) లిస్టుతో కలపకండి.

టీఎల్ఎక్స్ సగటు 60 వచ్చింది. ఇది ఎక్కువా తక్కువా?

60 దాటితే ప్రమాదమని గీత గీసిన అందరికీ వర్తించే హద్దు ఏదీ లేదు. మీ ఓటీలోనే మధ్యాహ్నం రెండు లోపు కేసులనూ తర్వాతివాటినీ, స్క్రబ్‌నూ ఫ్లోర్‌నూ, ఇద్దరు ఉన్న గదినీ ఒక్కరే ఉన్న గదినీ పోల్చండి. మొత్తం అంకె కంటే ఆరు గీతలు విడివిడిగా ఎక్కువ చెబుతాయి. సమయం ఒత్తిడి గీతే పైకి లేస్తే లిస్టు తయారీ చూడాలి. చిరాకు గీత లేస్తే పనిముట్లు సమయానికి వస్తున్నాయా అని సీఎస్ఎస్‌డీ వైపు చూడాలి.

## ఫలితాలు వచ్చాక

ఇవన్నీ విదేశీ పద్ధతులు, మన ఓటీల్లో ఎవరు పట్టించుకుంటారు?

ఆపరేషన్ గదిలో జరిగేదాన్ని కొలిచి రాయడం ఈ నగరానికి పరాయి సంగతి కాదు. 1888, 1889లలో బ్రిటిష్ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో నిజాం ప్రభుత్వ ఖర్చుతో రెండు క్లోరోఫాం కమిషన్లు ఇక్కడే పనిచేశాయి. మత్తులో ముందు ఆగేది శ్వాసా గుండా అని తేల్చడానికి ప్రయోగం తర్వాత ప్రయోగం నమోదు చేశాయి. వాళ్ల తీర్పు తర్వాత చాలా వాదాలకు గురైంది, అది వేరే కథ. మత్తు వైద్యంలో తొలి మహిళల్లో ఒకరిగా పేరొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ కాలపు హైదరాబాద్ డాక్టరే. అన్నీ కొలిచిన ఆ గదుల్లో నర్సు పనిని మాత్రం ఎవరూ కొలవలేదు.

సర్జన్లు ఈ అంకెలను కొట్టిపారేస్తే?

సగటులు చూపించకండి, వాళ్ల లిస్టునే చూపించండి. మొదటి కేసు ఎన్ని రోజులు ఆలస్యంగా మొదలైంది, ఎందుకు, లిస్టులో లేని సెట్టు మధ్యలో అడగడం వల్ల ఫ్లోర్ సిస్టర్ ఎన్నిసార్లు గది వదిలి వెళ్లింది. గది వదిలి వెళ్లిన ప్రతిసారీ వాళ్ల కేసే ఆగుతుంది కాబట్టి వింటారు.

పోస్టులు ఇవ్వలేమన్నారు. ఇక ఈ శ్రమ వృథాయేనా?

పోస్టు లేకుండా మారేవి కొన్ని ఉంటాయి, అవి ముందు అడగండి. బ్లడ్ బ్యాంకుకు, ల్యాబుకు పరుగులు సిస్టర్ కాకుండా వార్డ్ బాయ్ చేయొచ్చు. సర్జన్‌వారీగా ఏమేం కావాలో కార్డు రాసి పెడితే మధ్యలో పరుగులు తగ్గుతాయి. ఎవరూ వాడని పనిముట్లు ట్రేలోంచి తీసేస్తే బరువూ తగ్గుతుంది, కౌంటూ తగ్గుతుంది. అమెరికా ప్రమాణాల్లో నిండిన ట్రే బరువు సుమారు 11 కిలోలు దాటకూడదని ఉంది. మీ ఆర్థో ట్రేను ఒకసారి తూకం మీద పెట్టి చూడండి, ఆ అంకెకు వివరణ అక్కర్లేదు. పోస్టుల దరఖాస్తు ఫైల్లో మాత్రం ఉంచండి, వచ్చే బడ్జెట్‌కు అదే కాగితం మళ్లీ పనికొస్తుంది.

ఎన్నాళ్లకొకసారి కొలవాలి?

మామూలుగా ఏడాదికి ఒకసారి కొద్ది వారాలు చాలు. కొత్త టేబుల్ తెరిచినా, రోబో వచ్చినా, కొత్త విభాగం లిస్టు మొదలైనా ఏడాది కోసం ఆగకండి, మొదటి నెల వదిలేసి రెండో నెలలో కొలవండి. మొదటి నెలంతా అందరూ నేర్చుకుంటూ ఉంటారు, అప్పటి గంటలు ఎవరి పనినీ సరిగ్గా చూపించవు.